సైరన్ లేని బ్లాస్టింగ్

చదువుకని జపాన్ వెళ్ళిన కొత్తలో, ఇంటి ఓనరు ఫుజికో గారు నన్ను రాత్రి భోజనానికి పిలిచారు. తింటుండగా ఇల్లంతా ఊగింది. ఆమె చటుక్కున బల్ల కింద దూరారు.

నేను మాత్రం లేచి, అల్మరాలో గ్లాసులు పడకుండా రెండు చేతులా పట్టుకున్నాను. గోదావరిఖని పిల్లను. మా ఇంటి వెనక బొగ్గు గనిలో రోజూ పేలుస్తారు, మేం రోజూ గ్లాసులు పట్టుకుంటాం.

"బ్లాస్టింగే, భయపడకండి! ముందుగా సైరన్ మోగించరా? ఇదేం పద్ధతి?" అని దబాయించాను కూడా.

"ఇక్కడ గనుల్లేవమ్మా. ఇది భూకంపం" అన్నారు, బల్ల కింది నుంచి.

నా ధైర్యాన్ని గ్లాసుల దగ్గరే వదిలేసి, ఆమె పక్కన దూరాను. తల ఒక్కటే పట్టింది, మిగతా నేను బయటే.

మర్నాడు అమ్మకు ఫోన్‌లో పాఠం చెప్పాను.

"ఇల్లు ఊగితే గ్లాసులు పట్టుకోవద్దే. ఫస్టు బల్ల కింద దూరాలె."

"గట్లనా? జర ఆగు బిడ్డా, సైరన్ కూసింది. గ్లాసులు పట్టుకోవాలె" అని అమ్మ ఫోన్ పక్కన పెట్టేసింది.

ఇక్కడ ఏమీ ఊగలేదు. అయినా ఫోన్ చెవికి ఆనించుకుని, నేనే బల్ల కింద దూరాను.