కళ్ళజోడు ఎక్కడ చవక?

రైల్వే జగ్గారావు ఆరు నెలలుగా కళ్ళజోడు కొంటూనే ఉన్నాడు.

రాయగడలో ఫ్రేము చవక, అద్దాలు ప్రియం. విశాఖలో రెండూ చవకే. పాసుంది కనక రైలు ఖర్చు కూడా లేదు, కాని అక్కడ భోజనం కొనుక్కోవాలి. ఫోన్లో ఆర్డరిస్తే అన్నిటికన్నా చవక. అంత చవకని నమ్మేదెలా?

మధ్యాహ్నం అన్నం తింటూ తేల్చేశాడు.

"వచ్చే నెల గుడారి ఊళ్ళో కంటి కేంపు ఎడతారట. జోడు ఊరికే ఇత్తారు. అందాకా ఆగుదాం. నాకేటి తొందర?"

అంతలో పంటి కింద రాయి కటుక్కుమంది. పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"బియ్యం ఏరినప్పుడు కళ్ళు కనపడవేటే నీకు?"

"కనపడవు," అంది గౌరీశ్వరి మజ్జిగ పోస్తూ. "ఆర్నెల్లబట్టి నా కళ్ళజోడు మీ ముక్కు మీదుంటే నాకేటి కనపడతాది?"