విరిగిన కొస

"ఈ గీతలు కనబడకుండా అరగదీసెయ్, మరదలా," అంటూ అక్కమొగుడు కత్తిని బల్లమీద పెట్టాడు.

అది ఆమె మొట్టమొదట చేసిన కత్తి. రెండు రకాల ఉక్కుని కొలిమిలో కాల్చి, పొరల గీతలు తేలేలా మడిచి మడిచి కొట్టి, అక్కకి కానుకిచ్చింది. ఇప్పుడు దాని కొస విరిగిపోయి ఉంది.

"పైపైన గీసినవనుకున్నావా బావా? లోపలిదాకా ఉంటాయి. ఎంత అరగదీసినా యాసిడ్‌లో ముంచితే మళ్ళీ తేలతాయి." కొత్తగా విద్య పట్టుబడిన గర్వం ఆమెది.

"విరిగిన ముక్కలో కూడానా?"

"ఆహా! పక్కన పెట్టి చూస్తే గీతకి గీత కలుస్తుంది. ఇంకే కత్తికీ కలవదు. ఇంతకీ ఆ ముక్కేది?"

బావ కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

పొద్దుట్నుంచీ అక్క ఫోనెత్తడం లేదని ఆమెకప్పుడు గుర్తొచ్చింది.

"ఇలా కలుస్తుందని ఇంకెవరికి తెలుసు?" అడిగాడతను.

"గురువుగారికి. టీ తాగడానికెళ్ళారు, వచ్చేస్తుంటారు."

"ఊరెళ్ళారని బయట అట్ట వేలాడుతోందిగా," అన్నాడు బావ, తలుపు దగ్గరికి వేస్తూ.