విన్నాను

"మళ్ళీ వచ్చారా?" అన్నాడు గుమ్మం దగ్గర అటెండరు. "ఇంకో వారం ఇలాగే వస్తే హాజరుపట్టీలో మీ పేరు కూడా ఎక్కించేస్తాను పెద్దాయనా."

అతను నవ్వలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే రెండో అంతస్తుకి ఎక్కాడు.

అది సైకాలజిస్టులకి పని నేర్పే క్లినిక్కు. కష్టం చెప్పుకోవడానికి మొదటిసారి వచ్చిన మనిషిని ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెడతారు. ముందు రికార్డరు పెడతారు. ఎదురుగా ఎవరూ లేకపోతే నోరు తేలిగ్గా పెగులుతుందని వాళ్ళ పద్ధతి. అయ్యాక ఆ మనిషే రికార్డరులోని మెమరీ కార్డుని కవర్లో పెట్టి, అంటించి ఇవ్వాలి. శిక్షణలో ఉన్నవాళ్ళు ఒక్క రోజులోగా దాన్ని విని నోట్సు రాయాలి. ఆ తర్వాత పెద్ద మేడమ్ వినాలి. ఇద్దరూ కవరు మీద 'విన్నాను' అని రాసి సంతకం పెట్టాలి. వారం తర్వాత ఆ మనిషిని మళ్ళీ పిలిచి, అప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడతారు.

అతని భార్య మొదటిసారి వచ్చింది. రెండోసారికి లేదు. నాలుగో రోజున ఇంట్లో మెట్లు జారి పోయింది.

ఆమె చేతిసంచిలో క్లినిక్కు చీటీ దొరికేదాకా, ఇక్కడికి వచ్చిందని అతనికి తెలియదు. నెల రోజులుగా ఆ కార్డు కోసం తిరుగుతున్నాడు.

పెద్ద మేడమ్ మొదటి రోజే తేల్చి చెప్పేసింది. "మనిషి పోయినంత మాత్రాన ఆమె రహస్యం మీ సొత్తు అయిపోదండీ. కోర్టు అడిగితే ఇస్తాం. ఇంకెవరు అడిగినా ఇవ్వం."

"కోర్టెందుకు అడుగుతుందమ్మా? దాని గొంతు నాకు కావాలి గానీ."

"రూలు రూలేనండీ. మేం పిల్లలకి నేర్పేదే అది."

ఇవాళ పెద్ద మేడమ్ సెలవు. బల్ల దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి ఒక్కతే ఉంది. అతని భార్య కార్డు ఆ అమ్మాయి వాటాకి వచ్చినదే. ఇంకో పది రోజుల్లో సర్టిఫికెట్టు చేతికొస్తుంది. ఈలోగా ఏ చిన్న మచ్చ పడినా మూడేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

"కూర్చోండి బాబాయిగారూ," అంది. నీళ్ళ గ్లాసు ముందు పెట్టింది.

అతను గ్లాసు ముట్టలేదు. "కార్డు ఇవ్వలేవు, సరే. ఒక్క మాట చెప్పు తల్లీ. అదేం చెప్పుకుంది ఇక్కడ? నా మీద కోపంతో పోయిందా?"

అమ్మాయి కళ్ళు ఫైలు మీదికి దిగాయి. అందులో తను రాసిన నోట్సు ఉంది. మూడు ముక్కలు. నిద్ర తక్కువ. కొద్దిపాటి దిగులు. దాంపత్యం సంతృప్తికరం.

"చెప్పకూడదండీ," అంది. అతని మొహం చూసి మళ్ళీ తనే అంది. "మీ గురించి చాలా గొప్పగా చెప్పారు. మీరుండబట్టే ఈమాత్రం ఉన్నానన్నారు."

అతను కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకున్నాడు.

"నువ్వు విన్నావా? నీ చెవులతో?"

"విన్నానండీ. రెండుసార్లు."

"మేడమ్ గారు?"

"ఆవిడా విన్నారు. సంతకం పెట్టారుగా."

అతని భుజాలు ఒక్కసారిగా జారిపోయాయి. జేబురుమాలు తీసి మొహం కప్పుకున్నాడు. ఒళ్ళంతా కదిలింది. నెల రోజుల్లో ఆ మనిషి అలా అవడం అమ్మాయి చూడలేదు.

"పోనీ కాపీ ఏదన్నా ఉంటే ఇవ్వు తల్లీ. అసలుది మీరే ఉంచుకోండి."

"కాపీలు తీయకూడదు బాబాయిగారూ. ఉన్నది అదొక్కటే."

అతను లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఇంట్లో ఆ మెట్లెక్కాలంటే కాళ్ళు వణుకుతున్నాయమ్మా. కనీసం గొంతన్నా ఉంటే..."

ఆ మాటకి అమ్మాయి బీరువా తాళం తీసింది. కవరుని ఒక తెల్ల కాగితంలో చుట్టి, పిన్ను కొట్టి అతని చేతిలో పెట్టింది. రిజిస్టర్లో ఆ నంబరు ఎదురుగా 'చెరిపేశాం' అని రాసింది. రూలు తప్పినా మనిషికి మేలు చేశాననుకుంది. ఆ కవరు ఇక బీరువాలో ఉండదన్నది కూడా కొంత తేలికగానే అనిపించింది.

"ఇంటికెళ్ళాక విప్పండి. ఎవరికీ చెప్పకండి, నా బతుకు పోతుంది."

"నేనెందుకు చెబుతానమ్మా." తల మీద చెయ్యి పెట్టాడు. "చల్లగా ఉండు."

దిగేటప్పుడు కమ్మీ పట్టుకోలేదు.

"పనయిందా పెద్దాయనా?" అన్నాడు అటెండరు. "అయితే రేపట్నుంచి నాకు కాలక్షేపం లేనట్టే."

"అయింది," అన్నాడతను.

ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. వంటింటి బల్ల మీద కాగితం విప్పాడు. కవరు మీద 'విన్నాను', పక్కన అమ్మాయి సంతకం. దాని కింద 'విన్నాను', పెద్ద మేడమ్ సంతకం. వెనక్కి తిప్పాడు. భార్య చేత్తో అంటించిన మూత అంటించినట్టే ఉంది.

గోరుతో చింపాడు. కార్డుని పాత ఫోన్లో పెట్టాడు.

ముందు ఫ్యాను చప్పుడు. తర్వాత కుర్చీ జరిగింది. ఎవరూ లేని గదిలో కూడా ఎవరికో వినబడుతుందేమోనన్నంత చిన్న గొంతు.

"నేను మెట్లు జారి పోయానని మా ఆయన వచ్చి చెబితే నమ్మకండమ్మా, రెండుసార్లు తోశాడు, మూడోసారి బతకను."