కళ్ళు ముందు కోశాడు

పలచటి చెక్కలో బొమ్మలు కోసే సన్నరంపం పట్టి చెంగల్రాయుడికి ఇంకా నెల కాలేదు. పురిట్లో పోయిన భార్య నాగులమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె మొహం రోజురోజుకూ మరపున పడుతోంది. దాన్ని చెక్కలోనైనా నిలుపుకోవాలని అతని ఆరాటం.

"కండ్లు ఆఖర్న కొయ్యాలప్పా," అని పని నేర్పిన ఎల్లప్ప మొదటిరోజే చెప్పాడు. "నోటికి ముందే కండ్లు తెరిస్తే, బొమ్మకేం కావాల్నో సెప్పుకునేదానికి గాదు."

కానీ చెంగల్రాయుడికి బాగా గుర్తున్నవి ఆమె కళ్ళే. ఒక రాత్రి వాటినే ముందు కోశాడు. పెదవుల దగ్గరకు వచ్చేసరికి బ్లేడు టక్కుమని విరిగింది. అదే ఆఖరిది. యుద్ధం మొదలయ్యాక విదేశీ సరుకు రావడం ఆగిపోయి, చిత్తూరంతా తిరిగినా ఇంకొకటి దొరకలేదు.

చెక్కను దీపం ముందు నిలబెట్టాడు. ఎదురుగోడ మీది నీడలో రెండు వెలుగు కళ్ళు పడ్డాయి. చూస్తుండగానే అవి మూసుకుని, తెరుచుకున్నాయి.

"ఏం కావాల్నే నాగులూ? సెప్పు!"

విరిగిన ముక్కతోనే పెదవుల గీతను గీకాడు, వేళ్ళు నెత్తురయ్యేదాకా. చెక్క తెగలేదు.

గోడ మీది కళ్ళు అతణ్ణి వదిలి, ఉయ్యాలలో నిద్రపోతున్న మూడు నెలల బిడ్డ మొహం మీదికి మెల్లగా జరిగాయి.

"బిడ్డనొద్దే!" అంటూ దీపం ఆర్పేశాడు.

గోడ చీకటైంది. బిడ్డ మొహం మీది రెండు వెలుగు చుక్కలు మాత్రం ఆరలేదు.