ముప్పై ఏళ్ళవాడి చీపురు

"ఒరేయ్, ఎవరో ఒకరి చేత నాకో ముద్దు పెట్టించండ్రా బాబూ!" టౌన్‌హాలు మెట్ల మీద నుంచి అరిచాడు యెల్టో.

అరిచాడే గానీ ఊడవడం ఆపలేదు. ఒంటి మీద అద్దెకు తెచ్చిన నల్లకోటు, నెత్తిన పొడుగాటి టోపీ, చేతిలో నాలుగు పుల్లలు మిగిలిన చీపురు. మెట్ల నిండా సీసా మూతలు. మా ఊళ్ళో ముప్పై నిండినా పెళ్ళికాని మగాడు ఆ పుట్టినరోజున టౌన్‌హాలు మెట్లు ఊడవాల్సిందే. పెళ్ళికాని ఆడపిల్ల ఎవరైనా వచ్చి ముద్దు పెడితేనే విడుదల. అంతవరకు అతను ఊడుస్తూ ఉండాలి, స్నేహితులు మూతలు పోస్తూ ఉండాలి.

మామూలుగా పావుగంటలో తేలిపోయే తంతు. కానీ ఈ దద్దమ్మలు ముందూ వెనకా చూసుకోలేదు. ఆ మధ్యాహ్నమే పక్క ఊళ్ళో ఫుట్‌బాల్ ఫైనల్. యెల్టోయే గోల్‌కీపరు. మూతలు పోస్తున్నవాళ్ళంతా అతని జట్టే. బస్సేమో పన్నెండింటికి. ఊళ్ళో పెళ్ళికాని అమ్మాయిలంతా జెండాలు పట్టుకుని పొద్దున్నే అక్కడికి వెళ్ళి కూర్చున్నారు.

పన్నెండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"పోనీ చీపురు పారేసి వచ్చెయ్యరా," అన్నాడు కెప్టెన్ టోర్బెన్ గొంతు తగ్గించి. "ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తా!" అన్నాడు జున్నుకొట్టు ఓన్నో. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. శనివారం సంతలో ఆయన కొట్టు సరిగ్గా మెట్లకి ఎదురుగా ఉంటుంది. "ముద్దు పడకుండా మెట్టు దిగావో, ఈ జన్మలో నీకు జున్ను అమ్మను. రూలంటే రూలే."

నవ్వకండి, మావాళ్ళంతే. బండి అన్నదే లేని రోడ్డు మీద కూడా ఎర్రలైటు పడితే అడుగు వెయ్యరు. యెల్టో మెట్టు దిగలేదు. టోర్బెన్ ఏడుపు మొహంతోనే ఇంకో డబ్బా మూతలు కుమ్మరించాడు. అదీ రూలే మరి.

అంతలో గొడుగు పైకెత్తి పట్టుకున్న గైడమ్మ వెనకాల యాత్రికుల గుంపొకటి సంతలోకి వచ్చింది. జట్టుకి ప్రాణం లేచొచ్చింది. టోర్బెన్ పరుగెత్తుకెళ్ళి, "అమ్మా, మీలో పెళ్ళికానివాళ్ళు ఎవరైనా ఉన్నారా? పుణ్యముంటుంది!" అన్నాడు.

ఎర్ర కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ హుషారుగా మెట్లెక్కింది.

"ఉంగరం!" అని కేకేశాడు ఓన్నో.

"మా ఆయన అక్కడ ఫొటోలు తీసుకుంటున్నాడు లెండి, ఏమీ అనుకోడు."

"ఆయన అనుకోకపోయినా కుదరదమ్మా. దిగండి."

గైడమ్మ అడక్కముందే తల అడ్డంగా ఊపింది. "నాకిద్దరు పిల్లలు నాయనా."

ఇక పది నిమిషాలే. బస్సువాడు హారన్ మోగించాడు. యెల్టో చీపురుకి మూడు పుల్లలే మిగిలాయి.

"అబ్బబ్బ! ఈ గోల చూడలేక చస్తున్నాను," అంటూ పక్క పూలకొట్టులోంచి గేషే మామ్మ లేచింది. ఆవిడకీ ఓన్నోకీ ముప్పై ఏళ్ళుగా క్షణం పడదు. ఆయన జున్ను కంపు తన గులాబీలకి అంటుకుంటోందని ఈవిడ, ఈవిడ బకెట్ల నీళ్ళు తన కాళ్ళ కిందికి వస్తున్నాయని ఆయన.

"మామ్మా, ఎక్కడికే?" అన్నాడు టోర్బెన్.

"ముద్దు పెట్టడానికి."

సంతంతా గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి! నాకు అరవై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. మీ రూల్లో వయసు రాసుందా, ఓన్నో గారూ?"

నిజమే సుమా! మామ్మా మామ్మా అని పిలిచీ పిలిచీ, ఆవిడకి మనవలు లేరన్న సంగతే ఊరు మర్చిపోయింది. జట్టంతా ఎగిరి గంతేసింది. ఓన్నో మాత్రం మొహం కందగడ్డ చేసుకున్నాడు.

"కుదరదు!"

"ఎందుకు కుదరదూ?"

"ఎందుకంటే... ఆడపిల్ల పెట్టాలన్నారు."

"మరి నేను మగపిల్లాణ్ణా?"

"వాడు మీకు మనవడంతవాడండీ!"

"వాణ్ణి పెళ్ళి చేసుకుంటానన్నానా? బస్సెక్కిస్తానంటున్నాను. తప్పుకోండి."

జనం ఈలలు వేశారు. యాత్రికులు "ముద్దు! ముద్దు!" అని చప్పట్లందుకున్నారు, గైడమ్మ గొడుగుతో తాళం వేసింది. గేషే కాలితో మూతలు పక్కకి నెట్టుకుంటూ మెట్లెక్కి, యెల్టో టోపీ తీసి పక్కన పెట్టి, బుగ్గ మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది. యెల్టో పట్టరాని సంతోషంతో ఆవిణ్ణి ఎత్తి గిరగిరా తిప్పేశాడు. "చాల్లేరా, నడుం విరుగుతుంది! పో, గోలు పడనివ్వకు!" అంది ఆవిడ. జట్టు జట్టంతా పరుగో పరుగు. పన్నెండు గంటలు కొడుతుండగా బస్సు కదిలింది.

జనం కేరింతలు కొడుతూ ఎవరి దారిన వాళ్ళు కదిలారు. గేషే మొహం వెలిగిపోతోంది. కొట్టుకి తిరిగొచ్చి, "చూశారా, మీ రూలు చెడకుండానే పని అయిపోయింది," అంది పక్కకి చూస్తూ. జున్నుకొట్టులో ఎవరూ లేరు.

వెనకాల గలగలమని చప్పుడయింది. తిరిగి చూసింది. ఓన్నో టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి, మిగిలిన డబ్బాలో మూతలన్నీ తనే కుమ్మరించుకుంటున్నాడు. యెల్టో వదిలేసిన టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. మూడు పుల్లల చీపురు అందుకుని ఊడవడం మొదలుపెట్టాడు.

"ఏమండోయ్! మీకేం పొయ్యేకాలం వచ్చిందండీ?"

"ముప్పయ్యో పుట్టినరోజున సిగ్గేసి ఊరొదిలి పారిపోయాను గేషే," అన్నాడు ఓన్నో తల ఎత్తకుండా, "పెళ్ళికాని పిల్ల ఎవరైనా వచ్చి ఆపేదాకా ఇక ఊడుస్తూనే ఉంటాను."