తోక కోసినా లొంగని సంఖ్య

“దీన్ని గట్టిగా చదవండక్కా,” అంది ఆర్తి, అట్టముక్కను జయప్రియ కళ్ళకు ఎదురుగా పట్టుకుని. దాని మీద 73939133 అని రాసి ఉంది.

“ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.”

ఎక్కడా తడబడలేదు. జయప్రియకు సగం బెరుకు అక్కడే పోయింది. మూలకుళం బడిలో పదహారేళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెబుతోంది. ఈ గంట గట్టెక్కకపోతే ఆ తరగతి ఇంకొకరిదవుతుంది. బయట భర్త గణేశన్ కాచుకుని ఉన్నాడు. తనకు బాగా ఇష్టమైన సంఖ్యను ఎంచుకుని రమ్మనీ, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే జవాబులు చెప్పమనీ ఆర్తి నిన్ననే చెప్పింది. ఆ తెలుగు వచ్చిన మనిషనే ఆర్తిని ఎదురుగా కూర్చోబెట్టారు. పెద్దాయన పాండియన్ వెనకాల ఉన్నాడు, కనిపించడు.

“ఈ నంబర్‌లో ఏముండాదని అంత ఇష్టం?”

“ఇది ప్రైమ్ పాపా. ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. గొప్ప అది కాదు. చివరి అంకె తీసెయ్. మిగిలిందీ ప్రైమే. ఇంకోటి తీసెయ్. అదీ ప్రైమే.”

“ఎందాక?”

“ఒక్క అంకె మిగిలేదాకా.”

ఆర్తి బొటనవేలితో చివరి నుంచి ఒక్కో అంకే మూస్తూ వచ్చింది. జయప్రియ చదువుతూ పోయింది. నాలుగంకెలు మిగిలాయి.

“ఏడు వేల మూడు వందల తొంభై మూడు.”

“ప్రైమని ఎట్లా చెప్తారు?”

“ఏడుతో భాగిస్తే ఒకటి మిగుల్తుంది. పదిహేడుతో అయితే...”

ఎంత మిగుల్తుందో నోటికి రాలేదు. పదిహేడంటే ఏమిటో కూడా తెలియలేదు. బోర్డు మీదదంతా ఎవరో ఒక్క చేత్తో తుడిచేసినట్టయింది.

ఆర్తి తలెత్తి పాండియన్ వైపు చూసింది. “ఆడ వద్దు సార్.”

“సరి,” అన్నాడాయన.

మరుక్షణం అంకెలన్నీ గుంపుగా తిరిగొచ్చాయి.

“పదిహేను! పదిహేడుకి పదిహేను మిగుల్తుంది. పంతొమ్మిదికి రెండు. ఎనభై ఆరుదాకా చూస్తే చాలు పాపా, ఎనభై ఆరు ఇంటూ ఎనభై ఆరు మన నంబర్ కంటే మూడే ఎక్కువ.” ఆమె గొంతు ఆనందంతో లేచింది.

“నెమ్మదిగా అక్కా. అట్లే ఉండండి.” ఆర్తి నవ్వుతూ ఇంకో అంకె మూసింది.

“ఏడు వందల ముప్పై తొమ్మిది. డెబ్బై మూడు. ఏడు. అన్నీ ప్రైమే.”

“మరి కొసన ఇంకో అంకె చేరిస్తే?”

“అదే చిత్రం. ఏది చేర్చినా చెడిపోతుంది. ఒకటిగానీ ఏడుగానీ చేరిస్తే మూడుతో పోతుంది. మూడూ తొమ్మిదీ చేర్చి కంప్యూటర్‌లో చూశా, అవీ నిలవలా. ఈ జాతిలో దీన్ని మించింది లేదు పాపా, ఇదే పెద్దది.”

ఇరవై రోజులుగా ఇంత హాయిగా ఏ లెక్కా చెప్పలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నా చెప్పేసేట్టుంది.

ఆర్తి కళ్ళు తుడుచుకుంది. “ఒక్కటీ తప్పలా సార్. అన్నీ సరిగా ఉండాయి.”

వెనక పాండియన్ చాలాసేపటికి గట్టిగా ఊపిరి వదిలాడు.

“లెక్కల చోటు కోయకుండానే కణితి మొత్తం వచ్చేసింది, ఇక పుర్రె మూసేద్దాం.”