ఇంటివాళ్ళు రాకూడని క్యాంపు

చంద్రగిరి కోట పక్క మైదానంలో బడిపిల్లల గైడ్స్ క్యాంపు జరుగుతోంది. కంచె బయట సీతాఫలం చెట్ల చాటున నక్కిన సుబ్బులమ్మ భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది.

వెనక్కి తిరిగితే గ్రేసీ టీచరు. మెడలో స్కార్ఫు, చేతిలో విజిలు.

"ఈడేం చేస్తా ఉండావవ్వా?"

"మేకలు మేపుకుంటా ఉండానమ్మా."

"మేకలు యాడ?"

"అవే... ఎతుక్కుంటా ఉండా."

టీచరు ఆమె చేతిలోని టిఫిన్ క్యారియర్ చూసింది. మేకల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇంటివాళ్ళెవరైనా వస్తే పిల్లను వాళ్ళతోనే వెనక్కి పంపేస్తారని, బ్యాడ్జీ ఇవ్వరని మనవరాలు మునిప్రియ పొద్దున చిత్తూరులో బస్సెక్కుతూ చెప్పింది. రానని ఒట్టు కూడా వేయించుకుంది. అయితే బస్సు కిటికీలోంచి వీడ్కోలు చెబుతూ ఊపే చేతులంటే సుబ్బులమ్మకు మొదటినుంచీ భయం. పిల్ల తిన్నదో లేదో, గుడారంలోకి పురుగూ పుట్రా వస్తే ఎవర్ని పిలుస్తుందో అనుకుంటూ తరువాతి బస్సెక్కేసింది.

ఇప్పుడు కంచె లోపల చూస్తే మునిప్రియ గుడారం తాడు బిగిస్తూ పక్క పిల్లతో పగలబడి నవ్వుతోంది.

"తల్లీ, నీకు దండం పెడతా. దాన్ని పంపొద్దు. నేనొచ్చినట్టు చెప్పొద్దు. కండ్లారా చూసుకున్నా, ఇట్నే బస్టాండుకు పోతా."

"రూలు రూలే అవ్వా. నడు," అని టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది.

సుబ్బులమ్మ క్యారియర్ను కొంగు కింద దాచుకుంది. తన మూలాన పిల్ల అందరి ముందరా తలదించుకుంటుంది. ఇక జన్మలో అవ్వతో మాట్లాడదు.

టీచరు మాత్రం మైదానంలోకి తీసుకుపోలేదు. కోట గోడ వెంబడి నడిపించి, వెనకున్న రేకుల షెడ్డు తలుపు తోసింది.

లోపల పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. చుట్టూ ఆరేడుగురు ముసలమ్మలు. ఒకరు చింతపండు పిసుకుతుంటే, ఇంకొకరు వంకాయలు తరుగుతున్నారు. షహర్‌బాను అనే ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది.

"రా అక్కా, కూచో. నువ్వు యా పిల్ల అవ్వవి? ఈ రేకు సందులోంచి అందురూ కనపడతారులే. బయటికి మాత్రం రాగూడదంట."

సుబ్బులమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కొంగు నడుముకు దోపి కత్తిపీట లాక్కుంది. అప్పటికి గానీ అనుమానం రాలేదు.

"వంటోళ్ళు రాలేదా తల్లీ?"

"వంటోళ్ళను మేం యా యేడూ పిలవమవ్వా," అంది గ్రేసీ టీచరు తలుపు దగ్గరకేస్తూ. "ఇంటివాళ్ళు రావొద్దని మాత్రం గట్టిగా చెప్పిపెడతాం."